రెండు వేళ్ల నీడ

లేవి గారి గురించి రాద్దామని కూర్చుంటే ముందు నా కోపమే బయటికొస్తుంది. అందులో సగం మా హెడ్మాస్టరు మీద, పావు వంతు ఈ ఊళ్ల మీద, మిగతా పావు నా మీద నాకే. లేవి గారి మీద మాత్రం లేదు. ఆయన్ని కోప్పడే హక్కు వాళ్లావిడ ఏసుమణికి ఒక్కదానికే ఉంది, ఆమె దాన్ని బాగానే వాడుకుంటుంది.

నా పేరు తనూజ. డోన్ నుంచి బేతంచెర్ల వెళ్లే దారిలో బండమీదపల్లె అని ఒక ఊరుంది. అక్కడి హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఊరు పేరుకు తగ్గట్టే ఉంటుంది. ఇళ్లు నాపరాయి, ప్రహరీలు నాపరాయి, పొలం గట్లు కూడా నాపరాయే. మగవాళ్లలో సగం మంది గనుల్లో రాయి తీస్తారు, మిగతా సగం దానికి పాలిష్ పట్టడమో, ఊళ్లు తిరిగి ఇళ్లలో పరచడమో చేస్తారు. లేవి గారు బండలు పరిచే మేస్త్రి. యాభై దాటాయి. మా బడిలోనే ఏడో తరగతి దాకా చదివి, ఆ ఎండాకాలమే నాన్న వెంట పనికి వెళ్లిపోయారు. మళ్లీ బడి ముఖం చూడలేదు.

కర్నూలు నుంచి కడప దాకా ఆయన బండలు పరిచిన ఇళ్లు కొన్ని వందలుంటాయి. గృహప్రవేశం అయ్యాక వాటిలో ఎన్నింట్లో మళ్లీ కాలు పెట్టారని ఒకసారి అడిగాను. వేళ్లు మడిచి లెక్కబెట్టి, రెండు అన్నారు. అందులో ఒకటి పగిలిన బండ మార్చడానికట.

ఆయనకు ఈ ఆకాశం పిచ్చి పట్టుకున్నది 2010 జనవరిలో. డోన్‌లో ఒక గోడౌనుకు బండలు పరుస్తున్నారు. ఆ మధ్యాహ్నం సూర్యగ్రహణం. గోడౌను యజమాని పని ఆపించి, కూలీలందరినీ లోపల కూర్చోబెట్టి, షట్టరు దించేశాడు. పైన పాత రేకులు, మేకులు ఊడిన చిల్లులు. ఆ చిల్లుల్లోంచి నేల మీద పడే వెలుగు చుక్కలు రోజూ గుండ్రంగా ఉండేవి. లేవి గారు చూస్తుండగానే అవి ఒక పక్క కొరికినట్టయి, సన్నబడి, కొడవళ్లయ్యాయి. కొత్తగా పరిచిన బండల నిండా ముప్పై దాకా వెలుగు కొడవళ్లు, అన్నీ ఒకే వైపు తిరిగి. గ్రహణం కంటపడకూడదని మనుషుల్ని దాచిన చోటికే గ్రహణం వచ్చి నేలంతా పరుచుకుంది. పక్కనున్నవాళ్లు కళ్లు మూసుకుని కూర్చున్నారు.

"ఏంటికిట్లయిందని అందర్నీ అడిగినా మేడమ్," అన్నారు నాతో. "యజమాని గమ్మునుండు అనె. పాస్టరయ్య ప్రార్థన చేసుకో అనె. నా తోటోళ్లు పొద్దున్నే తాగినావా అనిరి. ఆర్నెల్లు అడిగినా. ఒగరన్నా చెప్పల్యా."

ఆర్నెల్ల తరవాత కర్నూల్లో ఒక రిటైరైన లెక్చరరు గారి ఇంటికి పని దొరికింది. ఆయన్నీ అడిగారు. ఆ పెద్దాయన సున్నపు ముక్క తీసుకుని, ఇంకా బండ పడని నేల మీద చతికిలబడి, చిల్లును గీసి, సూర్యుణ్ని గీసి, ప్రతి చిల్లూ సూర్యుడి బొమ్మనే నేల మీద పడేస్తుందని గంటన్నర చెప్పారు. ఆ ఇల్లు నెలలో అయిపోవాల్సింది మూడు నెలలు పట్టింది. ఇంటావిడ విసుక్కుంది గానీ, లేవి గారు మాత్రం నీడల నుంచి అక్షాంశాల దాకా నేర్చుకుని బయటపడ్డారు. పెద్దాయన తన పాత పుస్తకాలు ఒక సంచిలో పోసి ఇచ్చారు.

నేర్చుకున్నది కడుపులో పెట్టుకుని ఊరుకునే రకమైతే ఏ బాధా ఉండేది కాదు. ఆయనకు అందరికీ చెప్పాలి. పని లేని రోజు వస్తే చాలు, మోపెడ్‌కు సంచి తగిలించుకుని ఏదో ఒక బడికి బయల్దేరతారు. సంచిలో అద్దం ముక్క, చిల్లు పెట్టిన అట్టపెట్టె, పాత బైనాక్యులర్, తెల్లకాగితాలు. బైనాక్యులర్‌ను కర్రకు కట్టి సూర్యుణ్ని కాగితం మీద పడేస్తారు, దాని మీది మచ్చలు చూపిస్తారు. రాత్రిపూట పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని, చుక్కలు చూడ్డానికి ఎవరు పంపుతారు? అందుకే ఆయన ఖగోళమంతా పట్టపగలే.

ఏ బడి మాత్రం రానిచ్చింది గనక. ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు దీనికెన్ని మార్కులని అడిగారు. ఇంకో చోట సర్టిఫికెట్లు తెమ్మన్నారు. బనగానపల్లె వైపు ఒక బడిలో మాత్రం హెడ్మాస్టరు నవ్వుతూ ఎదురొచ్చి, "ఎట్లూ వచ్చినావు గదప్పా, వరండాలో బండ లేచిండాది, రోంత సరిచేసి మాట్లాడుదువు" అన్నాడట. ఈయన సంచి పక్కన పెట్టి, సిమెంటు కలిపి, బండ సరిచేసి, చేతులు కడుక్కునే సరికి చివరి గంట కొట్టేశారు. ఆ సంగతి నాకు చెప్పి ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మా బడికి వచ్చినప్పుడు నేనే తీసుకెళ్లి హెడ్మాస్టరు ముందు కూర్చోబెట్టాను. మా హెడ్మాస్టరు వీరభద్ర సార్ చెడ్డవాడు కాదు. అదే నా చిరాకు. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. ఈయన టైముకు వస్తాడు, టైముకు పోతాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు, కొత్త పనిని మాత్రం గుమ్మం దాటనివ్వడు. లేవి గారు బయటికి వెళ్లాక నాతో అన్నాడు: "బండలు పరిచేటోడు పాఠం చెప్తే పిల్లోళ్లు ఏం నేర్చుకుంటారు తనూజమ్మా? బండలు పరిచేది నేర్చుకుంటారు."

మా పిల్లల్లో ముప్పాతిక మందిని వాళ్ల నాన్నలు ఆ పని చేసే చదివిస్తున్నారు. ఆ మాట అంటే ఆయన ఫైలు తెరిచాడు.

లేవి గారు అడిగింది పెద్ద కోరికేమీ కాదు. బడి ఆవరణలో నాలుగడుగుల చదరపు బండ ఒకటి వేసి, మధ్యలో అయిదడుగుల ఇనుప గొట్టం నిలబెడతానన్నారు. రాయి ఆయనదే, పనీ ఆయనదే. సూర్యుడు రోజూ మధ్యాహ్నం నడినెత్తికి వస్తాడని మనమంతా అనుకుంటాం. రాడు. ఎప్పుడూ కాస్త ఉత్తరానికో దక్షిణానికో జరిగే ఉంటాడు. మా ప్రాంతంలో సరిగ్గా తల మీదికి వచ్చేది ఏడాదికి రెండే రోజులు. ఒకటి మే నెల మొదట్లో, బడికి సెలవులు. రెండోది ఆగస్టు పది. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండూ ఇరవై మూడుకు నిటారుగా నిలబడిన దేనికీ నీడ ఉండదు. గొట్టం ఉంటుంది, దాని నీడ మాయమవుతుంది. పిల్లలు ఊరికే చూస్తే చాలు, ఎందుకని వాళ్లే అడుగుతారు.

"ఇన్ని ఇండ్లకు పరిచినా మేడమ్," అన్నారు ఆయన, బడి గేటు బయట మోపెడ్ పక్కన నిలబడి. "నా బండ మీద నేను నిలబడి ఒగ మాట చెప్పింది యాడా లేదు. ఈ బడిలో ఒగటుంటే చాలు. నేను పోయినా ఏడాదికోతూరి నీడ పోతాది. ఏంటికి పోయిందని ఎవరో ఒగరు అడుగుతారు."

ఆ మాట విన్నాక నేను నెల రోజులు హెడ్మాస్టరు ప్రాణం తీశాను. చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆగస్టు పదిన మండల విద్యాధికారి మా బడి చూడ్డానికి వస్తున్నారు. ఆయన ముందు నీడ మాయమైతే బండ అక్కడే ఉంటుంది, వారానికో గంట లేవి గారు పిల్లలతో మాట్లాడొచ్చు. కాకపోతే బండ పీకి పట్టుకుపోవాలి, మళ్లీ ఆ సంచితో బడికి రాకూడదు.

లేవి గారు ఆ షరతు విని సంతోషించారు! సూర్యుడు మాట తప్పడు కదా అన్నారు.

ఆగస్టు ఆరు ఆదివారం. చర్చి నుంచి నేరుగా వచ్చి, తెల్ల చొక్కా తీసి గేటుకు తగిలించి, ఒక్కరే బండ వేశారు. అంత నున్నటి రాయి ఆ చుట్టుపక్కల ఎవరింట్లోనూ లేదు. ఎప్పుడో గనిలో మంచిది కనబడితే దాచుకున్నారట. కింద ఇసుక, సిమెంటు, పైన బండ, రబ్బరు సుత్తితో నాలుగు మూలలా తట్టి, లోపల బుడగ ఆడే రసమట్టం పెట్టి చూసి, తృప్తిగా తలూపారు. మధ్యలో తొలిచిన రంధ్రంలో గొట్టం నిలబెట్టి, మూలమట్టం ఆనించి బండకు సరిగ్గా నిలువు చూశారు. నేను ప్రహరీ నీడలో కుర్చీ వేసుకుని అంతా చూస్తూనే ఉన్నాను. బీఎస్సీ, బీఈడీ చదివిన దాన్ని. నా కళ్లకూ ఏ లోపమూ కనపడలేదు.

ఆ ఏడు ఆగస్టులో చుక్క వాన లేదు. పదో తేదీ గురువారం ఆకాశం తుడిచినట్టుంది. పన్నెండు గంటలకే నూట ఎనభై మంది పిల్లలు బండ చుట్టూ మూగారు. విద్యాధికారి గారికి గొడుగు పట్టారు. వంటపాక గుమ్మంలో రామసుబ్బమ్మ గరిటె పట్టుకుని నిలబడి, "బువ్వ సల్లారిపోతాండాది, ఏంటికి ఇంకా ఇడ్సరు పిల్లోళ్లని" అని అరుస్తోంది. ఆమె మా బడి మధ్యాహ్న భోజనం వండుతుంది. ఇరవై ఏళ్లుగా రోజూ బడికొస్తుంది, చదువు మాత్రం ఒక్క అక్షరం లేదు.

లేవి గారు ఉతికిన చొక్కా వేసుకుని, గొట్టం పక్కన నిలబడి చెప్పారు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. పన్నెండూ ఇరవై. నీడ తగ్గుతోంది. ఇరవై ఒకటి. ఇరవై మూడు అయ్యింది. గొట్టం మొదట్లో, దక్షిణం వైపు, రెండు వేళ్ల మందాన నీడ నిలబడిపోయింది.

ఇరవై నాలుగు అయ్యింది. నీడ పోలేదు. ఇరవై ఆరుకు కొంచెం పక్కకు జరిగింది. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ముందు వరస దాకా పాకింది.

"ఏమప్పా, సూర్యుడు సెలవు పెట్టినాడా?" అన్నాడు హెడ్మాస్టరు. విద్యాధికారి గారు కూడా నవ్వారు. అందరూ నావైపు చూశారు. ఆ తేదీ, ఆ నిమిషం నేనూ లెక్క కట్టాను. నాకూ అదే జవాబు వచ్చింది. ఆ మాట అక్కడ చెప్పాలి. నేను ఏమన్నానో తెలుసా? "లెక్కలో ఎక్కడో తేడా వచ్చినట్టుంది సార్" అన్నాను. లెక్క ఎవరిదో చెప్పకుండా అన్నాను. లేవి గారు నావైపు ఒకసారి చూసి, తల దించుకుని, కాగితాలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆ నిమిషం తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పిల్లలు కంచాలు తీసుకుని వంటపాక వైపు పరిగెత్తారు. హెడ్మాస్టరు మర్యాదగానే చెప్పాడు: "పదహైదో తేదీ జెండా పండగ కానీ. పదహారున వచ్చి నీ బండ నువ్వు తీసుకోని పో."

తరవాతి మూడు రోజులూ లేవి గారు పనికి పోలేదు. ఏసుమణి నాకు ఫోన్ చేసి తిట్టింది. "సదువుకున్నోళ్లు మీరు, సరిగ్గా చూసి చెప్పకూడదా మేడమ్? బువ్వ ముట్టల్యా, ఆ లెక్కల పుస్తకం ముందేసుకోని కూచున్నాడు. ఏడో తరగతి బుర్రకి ఇవన్నీ ఏంటికి అని తన్ను తానే తిట్టుకుంటాండాడు." సరే అమ్మా అని ఫోన్ పెట్టేశాను.

సోమవారం, పద్నాలుగో తేదీ, మధ్యాహ్నం లేవి గారు గడ్డపార తీసుకుని వచ్చారు. రాయి విరగకుండా ఎటువైపు నుంచి లేపాలో చూసుకోవడానికట. నేనూ బయటికి వెళ్లాను. చూస్తే బండ మీద చోటు లేదు. ఒక పక్కంతా గిన్నెలు, గరిటెలు బోర్లించి ఉన్నాయి. రామసుబ్బమ్మ చేదతో నీళ్లు పోస్తూ కడుగుతోంది.

"తియ్యొద్దులే లేవీ," అంది తలెత్తకుండా. "నాల్రోజులుగా శానా సుకంగా ఉండాది నాకు. ఎన్ని నీళ్లు పోసినా చుక్క నిలబడదు. అంతా కాలవలేకి పోతాది. ఏం వాటం ఇచ్చినావప్పా!"

ఆమె మెచ్చుకుంది. ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను.

వాటం అంటే ఏటవాలు. బయట బండ పరిచే ఏ మేస్త్రి అయినా అడుగుకు పావు అంగుళం చొప్పున కాలవ వైపు వంచే పరుస్తాడు. లేకపోతే వాన నీళ్లు నిలబడి ఇంటివాళ్లు తిడతారు. రసమట్టంలో బుడగ సరిగ్గా మధ్యలో నిలబడితే అది పని రానివాడి పని కింద లెక్క. బుడగ ఎగువ గీతకు ఆనితేనే వీళ్లకు కంటికి బాగుంటుంది. లేవి గారికి వాళ్ల నాన్న పద్నాలుగో ఏట మొట్టికాయలు వేసి నేర్పింది అదే. బడి ఆవరణలో కాలవ దక్షిణాన ఉంది.

గడ్డపార కింద పెట్టి, సంచిలోంచి రసమట్టం తీసి బండ మీద పెట్టారు. బుడగ ఉత్తరం వైపు గీతకు ఆనుకుని కూర్చుంది. బండ దక్షిణానికి వాలింది. బండకు నిలువుగా నిలబెట్టిన గొట్టమూ దాంతోపాటే వాలింది.

"నేనే ఇచ్చినా మేడమ్," అన్నారు. "ఇయ్యాలనుకోల్యా. చెయ్యి ఇచ్చేసింది. అయ్యో, దారానికి గుండు కట్టి ఒగతూరి చూసింటే సరిపోతాండ్య."

"అయితే ఆ నీడ రోజూ తగ్గేది అందుకేనా?" అంది రామసుబ్బమ్మ.

మేమిద్దరం ఆమె వైపు తిరిగాము. ఆమె చేద పక్కన పెట్టి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, గొట్టం మొదట్లో వేలు పెట్టి చూపించింది. గురువారం రెండు వేళ్లు. శుక్రవారం ఒకటిన్నర. శనివారం ఒక వేలికి కాస్త ఎక్కువ. ఆదివారం వేలుకు తక్కువ. ఈ పూట గోరంత. రెండో శనివారం, ఆదివారం బడి సెలవు. ఈమె ఇల్లు ప్రహరీ అవతలే కాబట్టి, ఇంటి గిన్నెలు తెచ్చుకుని మరీ ఇక్కడ తోముకుందట. తోముతూ ఊరికే కొలిచిందట.

"ఎవరు కొలవమన్నారు సుబ్బమ్మక్కా?" అన్నారు లేవి గారు.

"ఎవురు చెప్తారు? ఆ పొద్దు మీరంతా దాన్ని చూసి నగితిరి గదా. మర్నాడు చూస్తే రోంత తగ్గిండ్య. ఇదేందబ్బా అని మల్ల చూస్తి."

"మరి నాకు చెప్పలేదేం?" అన్నాను.

"నన్నెవురు అడిగిరి మేడమ్?" అంది, నిష్ఠూరం ఏమీ లేకుండా. "అయినా ఆ పొద్దు జెండా కట్టెకి నీడ లేదు. నేను పాక కాడ నిలబడి చూస్తానే ఉన్నా. మీరంతా దీని చుట్టూ మూగి ఆ పక్క తిరిగి చూడకపోతిరి."

జెండా కర్ర ఆ బండకు పది అడుగుల దూరంలో ఉంది. పోయినేడే దారానికి గుండు కట్టి చూసి నిటారుగా నిలబెట్టించారు. పదో తేదీ పన్నెండూ ఇరవై మూడుకు అది మా వీపుల వెనక నీడ లేకుండా నిలబడి ఉంది. నూట ఎనభై మంది పిల్లలు, ఆరుగురు టీచర్లు, ఒక అధికారి. ఒక్కరమూ తల తిప్పలేదు. ఫిజికల్ సైన్స్ చెప్పే నేనూ తిప్పలేదు. మేము పిల్లలకు రోజూ చెప్పేది ఒకటే, పరిశీలించండి, పరిశీలించండి అని.

లేవి గారు బండ మీదే కూర్చుని పుస్తకం తీశారు. ఆయన లెక్కలో తప్పు లేదు. సూర్యుడు రోజుకు కొంచెం చొప్పున దక్షిణానికి జరుగుతున్నాడు. వాలిన గొట్టం కూడా దక్షిణానికే చూస్తోంది. అంటే సూర్యుడు వచ్చి ఆ గొట్టానికి నేరుగా నిలబడే రోజు ఒకటుంటుంది. వేళ్ల లెక్క వేసినా, పుస్తకం లెక్క వేసినా అది మర్నాడే. పదిహేనో తేదీ, పన్నెండూ ఇరవై రెండు.

"ఈ బండ ఈడుండాది గానీ దీని చూపు దక్షిణాన రాయచోటి మీదుండాది," అన్నారు, నాలుగు రోజుల తరవాత మొదటిసారి నవ్వుతూ. "రాయచోటిలో నిటారుగా ఉన్నిదానికి రేపే నీడ పోతాది."

"రాయచోటా? మా శ్రావణిని ఆడికే గదా ఇచ్చిండేది," అంది రామసుబ్బమ్మ.

మర్నాడు తొమ్మిదింటికి జెండా ఎగరేశారు. చాక్లెట్లు పంచారు. నేను హెడ్మాస్టరును పక్కకు పిలిచి అంతా చెప్పాను. వాటం సంగతి, జెండా కర్ర సంగతి, పన్నెండున్నర దాకా పిల్లల్ని ఉంచమన్న సంగతి. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు చెప్పింది పదో తేదీ. ఇది పదహైదు. పరీక్ష అయిపోయినాక జవాబు రాస్తే మార్కులేస్తామా తనూజమ్మా?"

"జవాబు తప్పు కాదు సార్, బండ వాలింది."

"వాలిందంటే తప్పు చేసినట్టే గదా," అని స్కూటరు స్టార్టు చేశాడు. నేను ఆ రోజు గేటు దగ్గర నిలబడి, ఆయన వయసూ నా ఉద్యోగమూ చూడకుండా నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. స్కూటరు చప్పుడులో ఎన్ని వినబడ్డాయో తెలియదు.

పన్నెండూ పదికి బండ దగ్గర మేం ముగ్గురం, ఆటకని ఆగిన నలుగురు పిల్లలు. అంతే. రామసుబ్బమ్మ రాయచోటికి ఫోన్ కలిపి కూతుర్ని పనిలోంచి లేపింది. "ఏమే, వాకిట్లోకి రోకలి తీసుకోని రా. నిటారుగా నిలబెట్టు. గోడకు ఆనించొద్దు. దారానికి రాయి కట్టి సరిగుండాదా చూసుకో." లేవి గారు చెప్పినదాన్ని ఆమె అరుపుల్లో వింటుంటే పాఠం ఇంకా బాగా అర్థమయ్యేలా ఉంది. "ఏమో నాకేం తెలుసు, గ్రహణం కాదులే. చెప్పింది చెయ్యి."

పన్నెండూ పంతొమ్మిదికి ఫోన్లో శ్రావణి గొంతు వినపడింది. "నీడ లేదుమా! కింద నల్లగా చుట్టూ ఉండాదే గానీ ఏ పక్కకీ పడల్యా. ఏమైంది మా?"

మూడు నిమిషాల తరవాత మా గొట్టం నీడ కూడా పోయింది. రామసుబ్బమ్మ వంగి, గొట్టం మొదట్లో వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసింది. ఎక్కడా ఆనలేదు. వెనక్కి తిరిగి జెండా కర్రను చూసింది. ఇప్పుడు దానికి ఉత్తరం వైపు జానెడు నీడ పడుతోంది. "మల్ల దీనికి లేనప్పుడు దానికి ఏంటికి ఉండాది? దానికి లేనప్పుడు దీనికెందుకుండ్య?" అని మొదలుపెట్టింది. లేవి గారు సున్నపు ముక్క తీశారు. ఒకటిన్నర దాకా ఆమె అడుగుతూనే ఉంది, ఆయన బండ మీద గీస్తూనే ఉన్నారు. ఆయన కోరుకున్నది అదే. ఆయన బండ మీద ఆయన నిలబడి, ఎవరో ఎందుకని అడిగితే చెప్పడం. నేను సంతోషించాను, నిజమే. కానీ ఖాళీ ఆవరణ చూస్తుంటే కడుపు మండింది. అయిదు రోజుల కిందట నవ్విన నూట ఎనభై మందికి ఇది ఎవరు చెబుతారు?

పదహారున లేవి గారు గడ్డపారతో వచ్చారు. మాట మాటే అన్నారు. నేను మళ్లీ హెడ్మాస్టరు గదిలోకి వెళ్లబోతుంటే రామసుబ్బమ్మ నన్ను దాటుకుని ముందే వెళ్లింది.

"సార్, పాక ముందర గిన్నెలు కడుక్కోను ఒగ బండ కావాల. బురదవుతాండాది."

"వేయించుకోమ్మా. దానికి నన్నడగాల్నా?"

"లేవి తీసేసే బండే వేయించుకుంటా సార్."

"మంచిది. ఇంకా రాయి మోసే పని తప్పుతాది."

"నడుమ ఇనప గొట్టం కూడా ఉంచుకుంటా. గుడ్డలారేసుకోను."

హెడ్మాస్టరు తలూపి సంతకాల్లో పడ్డాడు. సైన్సు కోసమంటే నెల రోజులు బతిమాలించుకున్న నాలుగడుగుల జాగాను గిన్నెల కోసమంటే నిమిషంలో ఇచ్చేశాడు. నేను గుమ్మంలో నిలబడి నవ్వాలో ఏడవాలో తెలియక చూశాను. ఒక సంగతి మాత్రం రామసుబ్బమ్మకు తెలుసు, ఆయనకు తట్టలేదు. రోజూ పన్నెండూ ఇరవైకి బడిలోని పిల్లలందరూ కంచాలు పట్టుకుని నిలబడేది సరిగ్గా ఆ పాక ముందే.

సాయంత్రానికి బండ పాక ముందుకు చేరింది. లేవి గారు ఇసుక పరిచి, బండ దించి, సుత్తితో తట్టడం మొదలుపెట్టారు. గొట్టం బిగిసేది బండకు నిలువుగా తొలిచిన రంధ్రంలో, బండ వాలితే గొట్టమూ వాలుతుంది. రామసుబ్బమ్మ రసమట్టం ముందు గొంతుక్కూర్చుని బుడగను కాపలా కాసింది.

"లేవీ, నడుమ లేదు."

ఆయన లేపి మళ్లీ వేశారు. చెయ్యి మళ్లీ కాలవ వైపే నొక్కింది. "ఇంకా రోంత ఈ పక్కకుండాది." మళ్లీ లేపారు. ముప్పై ఏడేళ్ల అలవాటుతో ఆయన కుస్తీ పడుతుంటే చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. నాలుగోసారికి బుడగ నడుమ నిలబడింది. గొట్టం నిలబెట్టి, ఈసారి దారానికి గుండు కట్టి నాలుగు వైపులా చూశారు.

రామసుబ్బమ్మ చేదతో నీళ్లు తెచ్చి బండ మీద కుమ్మరించింది. నీళ్లు ఎటూ పోలేదు. గొట్టం చుట్టూ నిండుగా నిలబడిపోయాయి. లేవి గారు వాటిని చూడలేక మొహం పక్కకు తిప్పుకున్నారు.

"శానా కష్టమవుతాది అక్కా నీకు. రోజూ ఇట్లనే నిలబడతాయి."

"నిలబడనీలే," అంది ఆమె, మూలనున్న చీపురు అందుకుంటూ. "నేను తోసుకుంటా. వచ్చే ఏడు నీడ పోవాల గదా."